తొమ్మిది గదుల కుండ

మధ్యాహ్నం మూడింటికే కొవ్వు ఇటుకని కత్తితో చెక్కడం మొదలుపెట్టాను.
ఎర్రగా, సబ్బులా, వేలికంటితే వదలదు.
దోసెడు ఎండుమిర్చి, నాలుక మొద్దుబార్చే మిరియం గుప్పెడు,
దాల్చినచెక్క,
ఇంకేదో అమ్మ వేసేది. పేరు గుర్తులేదు,
కొట్లో డబ్బాలన్నీ వాసన చూసి పట్టుకున్నాను.
కిటికీ అవతల చోంగ్‌చింగ్ కనబడదు, పొగమంచే.
నది ఇంకా అక్కడే ఉందని పడవ కూసి చెప్పాలి.

పిలిచింది ఇద్దరిని.
ఎనిమిదో అంతస్తు నర్సు తాన్ రుయొచూ.
ఆరో అంతస్తు ఛియు తాత.
ఏడాదిన్నరగా వాళ్లకి మాటల్లేవు.
ఏడో అంతస్తులో నేనున్నాను,
ఇద్దరి మాటలూ నా గుమ్మం మీదుగానే పోతాయి.

తాత పడగ్గది గోడ చెమ్మపట్టి, అప్పడంలా ఉబ్బి, రాలింది.
"నీ స్నానాలగది వల్లే" అంటాడు మెట్ల మీద నిలబడి.
"కొళాయి కొత్తది, రసీదుంది" అంటుంది ఆమె.
ఆ రసీదు ఫొటో నా ఫోనులో ఉంది.
ఆయన గోడవి పద్నాలుగు ఉన్నాయి,
ఒకదానిలో ఆయన బొటనవేలు కూడా.

ఇద్దరికీ ఒకే అబద్ధం చెప్పాను:
రెండోవాళ్లు రావట్లేదని.

గుమ్మంలో ఒకరినొకరు చూసుకున్నారు.
ఆమె చేతిలో పుట్టగొడుగుల సంచి, ఆయన చంకలో సారా సీసా.
వెనక్కి తిరిగేవాళ్లే.
సరిగ్గా అప్పుడు కుండ తెర్లింది.
ఆ వాసన ముందు
పౌరుషం ఎంతసేపు నిలబడుతుంది?

కుండలో ఇనప చట్రం, తొమ్మిది గదులు.
నడిమి గదిలో ఉడుకు ఎక్కువ, మూలలు నిదానం.
చట్రం అడుగుదాకా దిగదు, కింద పులుసంతా ఒకటే,
అది నేను కొన్నరోజే చూశాను గానీ పైకి అనలేదు.
తాత ఈ మూల ఆక్రమించి బాతు నెత్తురు గడ్డలు వదిలాడు.
రుయొచూ ఆ మూల తామరదుంప చక్రాలు.
మధ్యలో నేను, కుంటి స్టూలు మీద,
బంగాళాదుంపలు ఎవరికి కావాలని గాలిని అడుగుతూ.

ఎద్దు కడుపు పొర వేసే వేళయింది.
అది క్షణం ఎక్కువైతే చెప్పుతోలు.
రుయొచూ పుల్లలతో పట్టుకుని
ముంచి, లేపి, ముంచి, లేపి,
రోగి నాడి చూస్తున్నట్టు చేతిగడియారం వైపే చూస్తోంది.
"పన్నెండుకే తీశావు" అన్నాడు తాత.
"పదిహేను."
"పన్నెండే. నేను లెక్కపెట్టాను."
ఏడాదిన్నర తర్వాత మొదటి మాటలు అవి.
నేను నోరెత్తలేదు.
వెల్లుల్లి నూనె గిన్నె ఆయన వైపు జరిపాను.

టప్.
ఆ గిన్నెలోనే పడింది.
ముగ్గురం పైకి చూశాం.
లైటు పక్కన, సున్నం మీద, చుక్క తయారవుతోంది, తీరిగ్గా.
"చూశావా!" అని లేచాడు తాత, పుల్ల బాణంలా చాపి.
"చూశాను" అంది రుయొచూ. "కానీ తాతా, నేనిక్కడున్నాను.
ఇంట్లో ఎవరూ లేరు. నీళ్ల వాల్వు కూడా కట్టేసి వచ్చాను."
టప్.
మరి ఈ నీళ్లెవరివి?

ఆమె నా కుంటి స్టూలెక్కింది,
తాత దాని కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు.
చుక్కని వేలికి తీసుకుని నాలుక మీద పెట్టుకుంది.
నర్సు చేయాల్సిన పనేనా అది!
"కారం లేదు, కుండ ఆవిరి కాదు" అంది.
"తుప్పు. గోడలోని పెద్ద పైపు."
ఆ పైపు నాకంటే పెద్దది. తాతకంటే చిన్నది.

తాత కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ తినలేదు.
తర్వాత చిల్లుల గరిటె తీసుకుని తన మూలంతా దేవాడు,
నెత్తురు గడ్డలకోసం.
తామర చక్రం ఒకటి పైకొచ్చింది.
ఎవరిదని అడగలేదు, ఊది ఊది తిన్నాడు.

సీసా సగమయ్యాక అక్కడే అర్జీ రాశాం.
రుయొచూ రాసింది, తాత తప్పులు దిద్దాడు,
చుక్క కింద పెట్టిన గిన్నె టప్ టప్ మంటూనే ఉంది.
మూడు సంతకాలు. మూడింటి మీదా ఎర్రనూనె వేలిముద్రలు.

సోమవారం వీధి కార్యాలయంలో గుమాస్తా
కాగితం చదివాడు, తిప్పాడు,
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"ఏ కొట్లో కొన్నారు మసాలా?" అన్నాడు.